పాలలో నీళ్లు కలిపినదెవరు?

హంస పాలనూ నీటినీ వేరుచేయగలదని మనవాళ్లు ఎంతో కాలంగా చెప్పుకుంటూ వస్తున్నారు. వివేకానికి అది ఉపమానమైంది. న్యాయం చెప్పేవాడు హంసలా ఉండాలన్నారు, విమర్శకుడు హంసలా ఉండాలన్నారు. హంస నిజంగా ఆ పని చేస్తుందా అని కొందరికి సందేహం కలిగింది గాని, అసలు ఆ పాలలో నీళ్లు కలిపినదెవరు అన్న సందేహం మన ఆలంకారికులలో ఎవరికీ కలిగినట్లు కనబడదు. (ఇంటింటా పాలు పోయించుకునే ఆడవాళ్లకు మాత్రం రోజూ తెల్లవారేసరికి కలిగే సందేహం అదే. వాళ్లు అలంకారశాస్త్రం రాయలేదు.)

ఈ సంగతి ఇప్పుడు ఎత్తుకోవడానికి కారణం, రసాయనశాస్త్రం నిజంగానే ఒక హంసను తయారుచేయడం. పలురకాల ప్లాస్టిక్కులు ఒకదానితో ఒకటి అతుక్కుపోయిన చెత్తను ద్రావణులలో, అంటే పదార్థాలను తమలో కరిగించుకునే ద్రవాలలో వేసి, ఏ ప్లాస్టిక్కుకు ఆ ప్లాస్టిక్కును విడదీసి మళ్లీ వాడకానికి తెచ్చే పద్ధతులు ప్రయోగశాల గడప దాటి వచ్చాయి. వీటిని గురించి రెండు ధోరణులు వినబడుతున్నాయి. ఇక చెత్త సమస్య తీరిపోయినట్లేనని కొందరు, ఇదంతా కంపెనీల కనికట్టు అని మరికొందరు. రెండూ తొందరపాటు మాటలే. ముందుగా ఆ పని ఏమిటో, ఎట్లా జరుగుతుందో తెలుసుకుని, ఆ తర్వాతనే దాని మంచిచెడ్డల జోలికి పోవడం మేలు.

కిరాణా కొట్టులో తోరణంలా వేలాడే షాంపూ ప్యాకెట్టునే తీసుకుందాం. చూడడానికి ఒకే రేకు. నిజానికి అందులో మూడు నాలుగు పొరలు ఉంటాయి. లోపలి పొర పాలిథిన్. వేడి తగిలితే మెత్తబడి అంచులు అతుక్కునేది అదే. వెలుపలి పొర చాలావాటిలో పెట్, అంటే నీళ్ల సీసాలు చేసే ప్లాస్టిక్కే. రంగుల బొమ్మలు దిగేది దానిమీద, గట్టిగా లాగినా సాగనిది అది. వాటి నడుమ గాలినీ వెలుతురునూ ఆపడానికి అల్యూమినియం రేకో, పూతో ఉంటుంది. తిండి పదార్థాల ప్యాకెట్లు కొన్నిటిలో ఆక్సిజన్‌ను అడ్డగించడానికి ఇథిలీన్ వినైల్ ఆల్కహాల్ అనే మరో పాలిమర్ పొర వేస్తారు. వీటన్నిటినీ పట్టి ఉంచే జిగురు, అచ్చుసిరా అదనం. ఇన్నీ కలిపి ఒక కాగితమంత మందం. గాజుసీసా చేసే పనిని గ్రాము బరువు తూగని రేకు చేస్తున్నది. ఇందులోని పనితనాన్ని వెక్కిరించడం విజ్ఞత కాదు.

ఆ పనితనమే తర్వాత చిక్కయి కూర్చుంటుంది. పాలిథిన్ నూటపది, నూటముప్పయి డిగ్రీల మధ్య కరిగితే, పెట్ కరగడానికి సుమారు 250 డిగ్రీలు కావాలి. పోనీ రెంటినీ కలిపి కరిగించినా అవి కలవవు. నూనె, నీరు వలె దేని దారి దానిదే. చల్లారిన తర్వాత వాటి మధ్య అతుకు నిలవదు. ఆ ముద్దతో పోసిన వస్తువు పెళుసుగా విరిగిపోతుంది. అందుచేతనే పాత సామాన్ల కొట్టువాడు నీళ్ల సీసా కొంటాడు, బకెట్టు ముక్క కొంటాడు, షాంపూ ప్యాకెట్టును మాత్రం కాలితో పక్కకు తోస్తాడు.

ద్రావణి చేసే పని వేరు. తెలుగులో వేడికి కరిగినా, నీళ్లలో కరిగినా ‘కరగడం’ అనే అంటాం గాని అవి రెండు వేరు పనులు. థర్మాకోల్ ముక్కమీద అసిటోన్ పోస్తే అది కళ్లముందే మాయమవుతుంది. నిజానికి ఎక్కడికీ పోలేదు. దాని పొడుగాటి అణువుల గొలుసులు తెగకుండానే ద్రవంలోకి విడిపోయాయి. ద్రవం ఆవిరైతే ప్లాస్టిక్కు అడుగున మిగులుతుంది. ఏ ప్లాస్టిక్కు ఏ ద్రవంలో, ఎంత వేడి దగ్గర ఇట్లా విడిపోతుందో తెలిస్తే, వరసగా ఒక్కొక్కదాన్ని బయటికి లాగవచ్చు. 1990 దశకంలో అమెరికాలోని రెన్సలర్ విద్యాసంస్థ పరిశోధకులు ఒక్క జైలీన్‌తోనే ఈ పని చేసి చూపారు. మామూలు వేడిమిలో పాలిస్టైరీన్ కరిగింది, సుమారు 75 డిగ్రీల దగ్గర పల్చటి సంచుల పాలిథిన్, 105 దగ్గర గట్టి పాలిథిన్, 120 ప్రాంతంలో పాలిప్రొపిలీన్. 2020లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంవారు ‘సైన్స్ అడ్వాన్సెస్’ పత్రికలో ప్రకటించిన పని ఇంకా ముచ్చటైనది. మూడు పొరల ప్యాకింగ్ రేకును 110 డిగ్రీల టాల్విన్‌లో వేసి పాలిథిన్‌ను తీశారు. తర్వాత డైమిథైల్ సల్ఫాక్సైడ్ అనే ద్రవంలో ఇథిలీన్ వినైల్ ఆల్కహాల్‌ను కరిగించి, దానికి నీరు చేర్చి ముద్దగా దించారు. పెట్ ఎట్లా ఉన్నది అట్లా మిగిలింది. పోయిన సరుకు దాదాపు లేదు. ఏ ద్రవం దేనిని కరిగిస్తుందో ముందుగా కంప్యూటరు లెక్కలతో వెదికి పట్టుకున్నారు.

హంస కథ పుక్కిటిదైతే ఇది లెక్కకు నిలిచిన సంగతి. దీనిని కనికట్టు అనేవారు ప్రకృతిని తెలుసుకునే మనిషి శక్తినే తక్కువ చేస్తున్నారు. ఆ మాట అభ్యుదయవాది నోట రావడం నాకు కష్టంగానే ఉంటుంది.

ఇక రెండోవైపు చూద్దాం. యూనిలీవర్ కంపెనీ జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థతో కలిసి ఇటువంటి ద్రావణి పద్ధతితోనే ప్యాకెట్లను తిరిగి ప్లాస్టిక్కుగా మార్చే కర్మాగారం పెడుతున్నట్లు 2017లో ప్రకటించింది. 2018లో ఇండోనీషియాలోని తూర్పు జావాలో, సిదోఆర్జోలో అది మొదలయింది. రోజుకు మూడు టన్నులు దాని సామర్థ్యం. కొద్ది సంవత్సరాలకే ఆగిపోయింది. ఆగడానికి కారణం రసాయనశాస్త్రం తప్పడం కాదు. ప్యాకెట్లను ఊళ్లనుంచి, కాలువలనుంచి పోగుచేసి, వేరుచేసి, కడిగి కర్మాగారం గుమ్మం దాకా తెచ్చే ఖర్చు గిట్టుబాటు కాలేదు.

ఈ ‘గిట్టుబాటు కాలేదు’ అన్న మాట దగ్గర మనం కొంచెంసేపు ఆగాలి. టాల్విన్‌కు ధర ఉన్నది, ఆవిరికి ధర ఉన్నది, యంత్రానికి వడ్డీ ఉన్నది. ఇవన్నీ ముందే లెక్క వేసుకున్నవే. లెక్కలో సరిగా ఇమడనిది ఒక్కటే, మనిషి వంగి ఏరడం. ఒక ఖాళీ ప్యాకెట్టు గ్రాముకు మించి తూగదు. కిలో కావాలంటే వెయ్యిసార్లు వంగాలి. మూడు టన్నులంటే రోజుకు ముప్పయి లక్షల వంగులు. ఈ పని ఎవరు చేస్తారు? చెత్తకుప్పమీద బతికే ఆడవాళ్లు, పిల్లలు చేస్తారని పథకం వేసేవాళ్లు మనసులో అనుకుంటారు, పైకి అనరు. ఇంతకాలం కాగితమూ, సీసాలూ ఏరినవాళ్లు వాళ్లే గదా, అది ఎట్లాగో జరిగిపోయింది గదా! నగరపాలక సంఘాల జీతాల పట్టీలో వాళ్ల పేర్లు చాలాచోట్ల లేవు. వాళ్ల శ్రమ గాలి, వాన వలె దానంతట అది లభించే వస్తువుగా లెక్కలోకి వచ్చింది. ప్యాకెట్టు దగ్గరకు వచ్చేసరికి ఆ శ్రమకు నిజమైన ధర కట్టవలసి వచ్చింది, కట్టేవాడు లేకపోయాడు.

‘అడుసు తొక్కనేల, కాలు కడగనేల’ అంటారు పెద్దలు. మంచి సామెతే. కాని అందులో ఒక ఊహ దాగి ఉన్నది. అడుసు తొక్కిన కాలూ, కడుక్కునే చెయ్యీ ఒకే మనిషివని ఆ సామెత నమ్ముతుంది. ఒక రైతు, ఒక పొలం గట్టు, ఒక నీళ్ల చెంబు ఉన్న లోకంలో అది నిజం. పెద్ద ఉత్పత్తి వచ్చిన తర్వాత తొక్కేవాడొకడు, కడిగేది మరొకతె, వాళ్లిద్దరూ జన్మలో ఎదురుపడరు. అట్లాంటప్పుడు ‘కడగడం సాధ్యమే’ అన్న మాట తొక్కేవాడికి ఓదార్పు అవుతుంది, కడిగేదానికి ఉత్తర్వు అవుతుంది. జర్మన్ తత్త్వవేత్త కాంట్ నీతికీ శక్తికీ ఒక ముడి వేశాడు: చేయవలసినదని నీతి చెప్పిన పని మనిషికి చేయ శక్యమై ఉండాలని. మన కాలపు వ్యాపారం ఆ ముడిని తిరగవేసింది. పని శక్యమని రుజువైతే చాలు, చేయవలసిన బాధ్యత అక్కడితో తీరిపోయినట్లే భావిస్తున్నది.

ఇది అతిశయోక్తి అనుకునేవారు మన చట్టాన్నే చూడవచ్చు. తెలుగులో ‘వచ్చు’ అన్న మాటకు రెండర్థాలున్నాయి. ‘ఈ మూట ఎత్తవచ్చు’ అంటే ఎత్తడం సాధ్యమని. ‘మీరిక వెళ్లవచ్చు’ అంటే అనుమతి ఇచ్చినట్లు. శాస్త్రజ్ఞుడు ‘విడదీయవచ్చు’ అన్నది మొదటి అర్థంలో. అది ప్రకటనలోకీ చట్టంలోకీ పోయేసరికి ‘కాబట్టి తయారుచేయవచ్చు’ అని రెండో అర్థం పలుకుతున్నది. నడుమ ఉండవలసిన ‘విడదీస్తున్నారా?’ అన్న ప్రశ్న జారిపోయింది. 2016లో కేంద్ర ప్రభుత్వం చేసిన ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనలలో, తిరిగి వాడకానికి తేలేని బహుళ పొరల ప్లాస్టిక్కును రెండేళ్లలో మానిపించాలని స్పష్టంగా ఉండేది. గడువు ముగిసే వేళకు, 2018 మార్చిలో, ఆ వాక్యాన్ని సవరించారు. తిరిగి వాడలేనిదీ, మండించి శక్తి రాబట్టలేనిదీ, మరే ఉపయోగమూ లేనిదీ అయితేనే మానిపించాలన్నారు. ప్లాస్టిక్కు చమురునుంచి పుట్టింది. మండని ప్యాకెట్టు ఎక్కడుంటుంది? సిమెంటు బట్టీలో వేయవచ్చు, కాబట్టి తయారుచేయవచ్చు. బట్టీలో నిజంగా ఎంత వేశారన్నది ఆ వాక్యం అడగదు.

2022 నుంచి తయారీదారులమీద బాధ్యత మోపే ఏర్పాటు వచ్చింది. తాము మార్కెట్లోకి వదిలిన ప్లాస్టిక్కుకు తగిన మేరకు సేకరణ జరిగిందని ధ్రువపత్రాలు చూపాలి. ఆ పత్రాలను కొనుక్కోవచ్చు కూడా. ఏర్పాటు మంచిదే, లేనిదానికన్నా నయం. కాని ఏడాది తిరిగేసరికి, 2023లో, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తనిఖీలలో లక్షల సంఖ్యలో నకిలీ పత్రాలు బయటపడ్డాయి. చెత్త కరగకపోయినా కాగితంమీద కరిగింది.

హంసకు మరో పరిమితి ఉన్నది. ఇటలీలో ఫెరారా పట్టణంలో సాల్వే కంపెనీ 2002లో వినీలూప్ అనే కర్మాగారం తెరిచింది. పాత కరెంటు తీగల తొడుగులనూ, టార్పాలిన్లనూ ఒక ద్రావణిలో కరిగించి, అందులోని పి.వి.సి.ని వడకట్టి తీసేవారు. ఏడాదికి పదివేల టన్నుల సామర్థ్యం. ఏదో ప్రదర్శన కోసం కట్టినది కాదు, పదహారేళ్లు నడిచింది. అయితే పాత పి.వి.సి.ని మెత్తబరచడానికి ఆ రోజుల్లో థాలేట్లు అనే రసాయనాలు కలిపేవారు. వాటిలో ముఖ్యమైన డి.ఇ.హెచ్.పి. సంతానోత్పత్తి శక్తికి చేటు అని తర్వాత తేలింది. ద్రావణి పి.వి.సి.ని వేరుచేసింది గాని దానిలో ఇంకిపోయిన ఈ విషాన్ని గిట్టుబాటయ్యే తీరున వేరుచేయలేకపోయింది. ఐరోపా చట్టం 2015 నుంచి ఆ రసాయనాన్ని ప్రత్యేక అనుమతి లేకుండా వాడరాదన్నది. కర్మాగారం అనుమతి సంపాదించుకుంది గాని నిలదొక్కుకోలేకపోయి, 2018లో మూతపడింది.

దీనిమీద పరిశ్రమవారు, చట్టం ఒక మంచి పనిని చంపిందని బాధపడ్డారు. నేను వారితో ఏకీభవించలేను. పాత తీగ తొడుగులోని విషం కొత్త వస్తువులలోకి, రేపటి పిల్లల చేతుల్లోకి పోవడానికి ‘పునర్వినియోగం’ అన్న మంచి పేరు దారి కాకూడదు. అయితే వారి బాధలో ఒక నిజం ఉన్నది. ఆ విషాన్ని కలిపినవాళ్లు దశాబ్దాల కిందటే లాభం తీసుకుని వెళ్లిపోయారు. నష్టం మాత్రం దానిని విడదీయబోయినవాడి పద్దులో పడింది. అంటే కలిపినవాడి కన్నా విడదీసేవాడు ఎక్కువ శిక్ష అనుభవించాడు. ఇది న్యాయం కాదు. కలిపే రోజున, దీన్ని ఎవరు, ఏ ఖర్చుతో విడదీస్తారన్నది కాగితంమీద రాయించుకోకపోవడంవల్ల వచ్చిన అన్యాయం ఇది.

ఇంతవరకు వచ్చేసరికి ఒక మిత్రుడు అడ్డుపడతాడు. అతని అభ్యంతరం అన్నిటికన్నా గట్టిది. ‘రూపాయి ప్యాకెట్టును నిందించడం నీకు సులభం. సీసా కొనగలవు. దినకూలి తెచ్చుకునే మనిషికి నెలకు సరిపడా సరుకు ఒక్కసారి కొనే డబ్బు చేతిలో ఉండదు. షాంపూ, కాఫీపొడి, నూనె ఆమె గడపలోకి వచ్చింది ఈ ప్యాకెట్టు పుణ్యమే. దాన్ని తీసివేస్తే పర్యావరణం పేరుతో పేదవాడి చేతిలోది లాక్కున్నట్లే.’ 1983లో కడలూరులో చిక్ షాంపూ మొదలుపెట్టినవారు ఊరూరా తలకెక్కించింది ఈ లెక్కనే. అది అబద్ధం కాదు. పేదవాళ్ల చిన్న సుఖాలను చూసి మూతి విరిచే నీతి ఏదైనా మనకు పనికిరాదు.

కాని చిన్న మోతాదూ చిన్న ప్యాకెట్టూ ఒకటేనా? మా చిన్నతనంలో కొట్టువాడు నూనెను గిద్దెతో కొలిచి మన సీసాలోనే పోసేవాడు. అణాకు, పావలాకు కూడా సరుకు వచ్చేది, చెత్త మాత్రం వచ్చేది కాదు. ఆ పద్ధతి ఎందుకు పోయింది? కొంత కంపెనీల ప్రచారంవల్ల. కొంత మాత్రం న్యాయమైన భయంవల్ల. 1998లో ఢిల్లీలో ఆవనూనెలో బ్రహ్మదండి గింజల నూనె కల్తీ జరిగి అరవైమందికి పైగా చనిపోయారు. ఆ ఏడే విడి నూనె అమ్మకాన్ని కట్టడిచేస్తూ ప్యాకింగ్ ఉత్తర్వు వచ్చింది. కల్తీ భయం ప్యాకెట్టుకు తలుపు తెరిచింది. పాలలో నీళ్లు కలపకుండా కాపాడడానికి వచ్చిన ప్యాకెట్టు, తానే ఎవరూ విడదీయలేని కలగలుపు అయింది. కొట్టువాడి గిద్దెను నమ్మదగినదిగా చేయడానికి తనిఖీ అధికారులు, కొలతలు, శిక్షలు కావాలి. అది ప్రభుత్వం చేయవలసిన పని, ఖర్చుతో కూడినది, ఓపిక కావలసినది. దానికన్నా రేకు చవక. మా మిత్రుడు పేదవాడి తరఫున అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇది: ఆమెకు రూపాయి షాంపూ ఉండాలి, అది ఆమె ఇంటి పక్క కాలువను పూడ్చకుండా ఉండాలి. ఈ రెండిట్లో ఒకటి ఎంచుకోమని ఆమెను అడిగే హక్కు మనలో ఎవరికీ లేదు.

మరి ద్రావణికి చోటు ఎక్కడ? చోటు ఉన్నది, పెద్దదే ఉన్నది. 2015 వరకు ప్రపంచంలో తయారైన ప్లాస్టిక్కు 830 కోట్ల టన్నులనీ, అందులో 630 కోట్ల టన్నులు అప్పటికే చెత్త అయిందనీ, ఆ చెత్తలో తిరిగి వాడకానికి వచ్చింది తొమ్మిది శాతమేననీ 2017లో ముగ్గురు అమెరికన్ పరిశోధకులు లెక్క తేల్చారు. ఇది ఇప్పటికే తొక్కిన అడుసు. దీనికి కడగడం తప్ప మార్గం లేదు, కడిగే విద్య ఎంత ఉంటే అంత మంచిది. ప్యాకెట్లు తయారయ్యే చోటనే అంచులు కత్తిరించగా మిగిలే రేకులు ఉంటాయి. వాటిలో ఏ పొరలున్నాయో తెలుసు, మురికి ఉండదు, ఏరనక్కరలేదు. ద్రావణి అక్కడ హాయిగా పనిచేస్తుంది. ఇకముందు తయారయ్యేవాటి సంగతి వేరు. ఒకే రకం ప్లాస్టిక్కుతో పొరలు వేసే ప్యాకెట్లు ఇప్పుడు వస్తున్నాయి. వాటి ధర కొంచెం ఎక్కువ. ఆ కొంచెం ఇవ్వడానికి నిరాకరిస్తూ, విడదీసే విద్య ఉన్నది గదా అనడం విద్యను అవమానించడమే.

ద్రావణి కూడా అమాయకమైన వస్తువు కాదు. టాల్విన్ ఆవిరి పీల్చేవాడికి తల తిరుగుతుంది. ఏళ్ల తరబడి పీల్చితే నరాలు దెబ్బతింటాయి. కరిగించిన ద్రవాన్ని మరిగించి తిరిగి పట్టుకోవాలి; ఆ మరిగించడానికి ఇంధనం కావాలి, పట్టుకోలేకపోయిన కొద్ది భాగం ఎవరి ఊపిరిలోకో పోతుంది. పటాన్‌చెరు చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు ఈ సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. రసాయన కర్మాగారాల మురుగునుంచి చెరువులనూ పొలాలనూ కాపాడమన్న వారి గోడు 1990లోనే సుప్రీంకోర్టు గుమ్మం ఎక్కింది. రేపు మన దగ్గర ఇటువంటి కర్మాగారం పెడతామంటే, అది ఏ ఊరి పక్కన పెడతారో నేను ఊహించగలను. జూబ్లీహిల్స్‌లో మాత్రం కాదు.

ఈ వ్యాసం రాస్తూండగా హైదరాబాదులో మా వీధి మలుపు దగ్గర చెత్త ఏరే ఒకామెకు ఈ విద్య గురించి చెప్పాను. కళ్లు పెద్దవి చేసుకుని విన్నది. ఈ ప్యాకెట్లు కూడా కొనే రోజు వస్తుందేమోనమ్మా అన్నాను. కిలోకు ఎంతిస్తరని అడిగింది. నాకు తెలియదన్నాను. కొంచెం ఆలోచించి, ‘కడిగి ఇయ్యాల్నా సారూ, గట్లనే తీస్కుంటరా?’ అన్నది. వాళ్ల బస్తీలో నల్లా వారానికి రెండుసార్లే వస్తుందట.